అడగని షాపు

నాకు కోపం ఎక్కువ. ఎవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. కానీ అవతలివాళ్ళ గుట్టు దగ్గర మాత్రం నోరు కట్టుకోవడం తెలిసినదాన్నని ఇరవై ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను. నా మందుల షాపు నడిచిందే ఆ పేరు మీద.

షాపు బస్సు డిపోకి ఎదురుగా ఉంటుంది. ఒక పక్క బేకరీ, ఇంకో పక్క గడియారాలు బాగుచేసే బాబాయ్ బల్ల. మా ఆయన పోయాక కౌంటర్లో నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. మొదట్లో మగవాళ్ళు వచ్చి, నన్ను చూసి గతుక్కుమని, తలనొప్పి బిళ్ళ ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. తొడల దగ్గర ప్యాంటు లాక్కుంటూ వెళ్ళేవాడికి నొప్పి తలలో ఉందంటే నేను నమ్ముతానా? అందుకని ఒక ఉపాయం చేశాను. బిస్కెట్లు వచ్చే ఎర్ర రేకు డబ్బా ఒకటి కౌంటరు చివర, బరువు చూసుకునే మిషను వెనక పెట్టాను. దాని నిండా దురద ట్యూబులు. కావలసినవాళ్ళు వచ్చి తీసుకుని "ఒకటి తీశానమ్మా" అంటే చాలు. ఎక్కడ, ఎందుకు, ఎన్నాళ్ళ నుంచి అని నేను అడగను. తలెత్తి కూడా చూడను.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. నా షాపులో కందకు దురద ఉన్నా సరే, కత్తిపీట నోరు మూసుకునే ఉంటుంది. డిపో డ్రైవర్లు, పగలంతా పొయ్యి ముందు నిలబడే బేకరీ వాళ్ళు, కొంగు చాటున చెయ్యి పెట్టి తీసుకునే ఆడవాళ్ళు, అందరూ అదే మాట. మందులమ్మ షాపులో పరువు పోదు. గడియారాల బాబాయ్ అయితే నెలకొకటి తీసేవాడు. నేను "సరే బాబాయ్" అనేసి, వచ్చిన మందుల పెట్టెల మీద ఆకుపచ్చ సిరాతో తేదీలు వేసుకుంటూ కూర్చునేదాన్ని. ట్యూబు అట్టపెట్టె దాకా ప్రతి పెట్టె మీదా తేదీ నా చేత్తో పడాల్సిందే, అదొక అలవాటు.

మా వాడు ఆ డిపోలోనే బస్సు నడుపుతాడు. కోడలు చిన్నపిల్లల బడిలో టీచరు. పెళ్ళయి ఏడాదిన్నర. పిల్ల మంచిదే. మాట తక్కువ, పని శుభ్రం. ఆరు నెలలుగా ఇద్దరి మధ్యా ఏదో తేడాగా ఉందని కనిపిస్తూనే ఉంది. వాడు డ్యూటీ నుంచి వచ్చి ముందుగదిలో చాప వేసుకుంటాడు. ఆ అమ్మాయి కుర్చీలో కుదురుగా కూర్చోదు. కొత్త కాపురం, వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాను. అక్కడా అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున దుప్పట్లు ఉతుకుదామని తీస్తుంటే కోడలి పరుపు కింద కాగితంలో చుట్టిన ట్యూబు దొరికింది. దురద ట్యూబే, సగానికి పైగా పిండేసి ఉంది. మందులు చదువుకున్నదాన్ని కదా, నా బుర్ర మందుల వైపు పోవాలి. పోలేదు. అత్తల బుర్ర ఎటు పోతుందో అటే పోయింది.

వంటింట్లోకి వెళ్ళి దాన్ని గట్టు మీద పడేశాను. "ఏంటిది?"

కోడలి చేతిలో గరిట ఆగిపోయింది. "దురదకి, అత్తయ్యా."

"ఎక్కడి దురద?"

కళ్ళు దించుకుంది. ఆ దించుకోవడమే నాకు ఒప్పుకోలులా కనిపించింది.

"పెళ్ళికి ముందు నుంచీ ఉందా ఇది? ఎవరి దగ్గర అంటించుకొచ్చావ్?"

పెదవి దాటితే పృథివి దాటుతుంది. నాకు తెలియని సామెత కాదు. దాటనిచ్చాను.

ఆ అమ్మాయి గరిట కింద పెట్టి, స్టవ్ ఆపి, నా వైపు తిరిగింది. "మీ అబ్బాయికి వచ్చాకే నాకు వచ్చింది. ఆ ట్యూబు తెచ్చిచ్చింది కూడా ఆయనే."

"నా కొడుకు మీదకి నెట్టకు!"

నా కొడుకు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. యూనిఫాం వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో. అంతా విన్నాడు. "చెప్పరా, నిజమేనా?" అన్నాను. వాడు నన్ను చూడలేదు, కోడల్నీ చూడలేదు. "నాకు డ్యూటీ టైమైంది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళ మగాడు, వంద మందిని ఎక్కించుకుని బస్సు నడిపేవాడు, తల్లి ముందు ఆ ఒక్కమాట అనలేక పెళ్ళాన్ని అక్కడే వదిలేసి పోయాడు.

కోడలు గదిలోకెళ్ళి బీరువా మీది సూట్‌కేసు దించింది. ఉన్న బట్టలన్నీ దాంట్లో కుక్కింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"రేపు చర్మం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం అత్తయ్యా. ఆవిడ చెప్పేది మీరు మీ చెవులతో వినాలి. ఆ తర్వాత నేను ఈ ఇంట్లో ఉంటానో వెళ్తానో చెప్తాను." పెట్టె తెచ్చి వీధి తలుపు పక్కన పెట్టింది. ఇక ఆ పెట్టె చుట్టూ తిరిగి మేము బయటికి పోవడం, లోపలికి రావడం.

డాక్టరమ్మ చిన్న పిల్ల. మా కోడలి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. బయట బెంచీల మీద పదిహేను మంది ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అందరూ గోడ మీది ఫ్యాను స్విచ్చులే చూస్తున్నారు. లోపల ఆవిడ ముందు కోడల్ని, తర్వాత మావాణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళి చూసింది. మొద్దు బ్లేడుతో కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు పోసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"తామర" అంది. "ఫంగస్. ఇద్దరికీ అదే. తొడల సందుల్లో మొదలై ముందుకీ వెనక్కీ పాకింది."

"అంటే... చెడు తిరుగుళ్ళ జబ్బు కాదా?" అన్నాను.

ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. "కాదమ్మా. చెమట జబ్బు. రెక్సిన్ సీటు మీద తొమ్మిది గంటలు కూర్చుంటే, బిగుతు ప్యాంటు వేసుకుంటే, సరిగా ఆరని లోబట్టలు తొడుక్కుంటే వస్తుంది. ఒకే తువ్వాలు ఇద్దరు వాడితే, ఒకే పక్క మీద పడుకుంటే రెండోవాళ్ళకి అంటుతుంది. మామూలుగా అయితే మూడు నాలుగు వారాల్లో పోవాల్సింది. ఇంత ఎందుకు ముదిరిందో చూడాలి. ఏం రాశారు?"

మావాడు నేల చూపులు చూస్తున్నాడు. కోడలు సంచీలోంచి ఒక కవరు తీసి బల్ల మీద బోర్లించింది. ఐదు ఖాళీ అట్టపెట్టెలు. ఐదింటి మీదా ఆకుపచ్చ సిరాతో తేదీలు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా డబ్బాలోంచి నా కొడుకు తీస్తుంటే నేను తలెత్తి చూడలేదు. చూడకపోవడమే నా గొప్ప కదా మరి!

"ఎక్కడ కొన్నారు?" అంది డాక్టరమ్మ.

కోడలు నన్నే చూస్తోంది. చెప్పొచ్చు. చెప్పలేదు. నా నోటి నుంచి వస్తుందేమోనని ఆగింది.

"నా షాపులో" అన్నాను.

"ఓ. ఆ ఎర్ర డబ్బా షాపు మీదేనా?" ఆవిడ గొంతులో వెటకారం లేదు. అలసట ఉంది. అదే నన్ను ఎక్కువ పొడిచింది. "ఈ ట్యూబులో మూడు మందులు కలిపారు. ఒకటి స్టెరాయిడ్. రాసిన రోజే ఎరుపు తగ్గుతుంది, దురద ఆగుతుంది. మనిషి హమ్మయ్య అనుకుంటాడు. ఫంగసూ హమ్మయ్య అనుకుంటుంది, దాన్ని తరిమే బలం చర్మానికి పోతుంది కాబట్టి. ఆపగానే రెట్టింపుగా లేస్తుంది. మళ్ళీ రాస్తారు. చివరికి చర్మం పల్చబడి చారలు పడుతుంది, ఈ అమ్మాయికి పడినట్టు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నాకూ వచ్చింది. "నేనేం చేతిలో పెట్టి పంపానా? వాళ్ళే తీసుకున్నారు."

"అవునమ్మా, వాళ్ళే తీసుకున్నారు. ఒకావిడ షుగరు పెరిగి అక్కడ ఈస్ట్ అనే బూజు పట్టి తెల్లగా పుండ్లు పడితే ఇదే రాసింది, షుగరు సంగతి ఆర్నెల్లు తెలియలేదు. ఒకాయనకి ఉన్నది గజ్జి, ఇంటిల్లిపాదికీ అంటించాక వచ్చాడు. ఒక కుర్రాడికి అసలు జబ్బే లేదు, అందరికీ ఉండే చిన్న పొక్కులు. భయపడి రాసి రాసి తోలు ఊడగొట్టుకున్నాడు. ఇంకొకాయనకి నిజంగానే మీరన్న తిరుగుళ్ళ జబ్బు. ముందే వస్తే ఒక్క ఇంజెక్షన్‌తో పోయేది, ఎనిమిది నెలలు ఈ ట్యూబు చాటున దాక్కుని భార్యకీ అంటించాడు. పైకి అన్నీ దురదలే. లోపల ఏ రెండూ ఒకటి కాదు. చూడకుండా ఎలా తెలుస్తుంది?"

ఇవన్నీ చదువుకునేటప్పుడు నాకూ చెప్పారు. మర్చిపోయానంటే అబద్ధం. గుర్తు చేసుకోలేదు, అంతే.

ఆవిడ ఇద్దరికీ మాత్రలు రాసింది, స్టెరాయిడ్ లేని పూతమందు రాసింది. మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు దాకా రాయాలి. మచ్చ పోయినా రెండు వారాలు ఆపకూడదు. మాత్రలు వాడినన్నాళ్ళూ గర్భం రాకుండా చూసుకోవాలి. వదులు నూలు బట్టలు, ఎవరి తువ్వాలు వాళ్ళకి. బట్టలు, దుప్పట్లు, ఇన్నాళ్ళూ ఒంటికి తగిలినవన్నీ వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. "పాత ట్యూబు ఇవాళ్టితో బంద్. పది పదిహేను రోజులు ఇప్పటికంటే ఎక్కువ మండుతుంది, ఎక్కువ దురద పెడుతుంది. ఓర్చుకోవాలి. మళ్ళీ అది ముట్టుకున్నారో, మొదటికొస్తుంది" అని మావాడికి వేలు చూపించి మరీ చెప్పింది.

ఇంటికొచ్చాక మావాడు పెళ్ళాంతో ఏదో గొణిగాడు. తప్పయిపోయిందనే అనుకుంటాను. ఆ అమ్మాయి విన్నది. పెట్టె మాత్రం తలుపు పక్క నుంచి కదల్లేదు. రోజూ దాంట్లోంచే చీర తీసి కట్టుకుంటోంది.

నేను వంటింట్లోకెళ్ళి నిలబడ్డాను. "అదికాదమ్మాయ్... నాకు తెలియక..."

"జబ్బుకి డాక్టరమ్మ మందిచ్చింది అత్తయ్యా. మీరన్న మాటకి ఎవరిస్తారు?" అంది కూర తరుగుతూ. నాకు క్షమించమనడం చేతకాదు. ఆ మాట గొంతు దాకా వస్తుంది, అక్కడ కోపం కూర్చుని ఉంటుంది. తిరిగొచ్చేశాను.

ఇప్పుడు నా అసలు తప్పు చెప్పాలి. ఆ ఎర్ర డబ్బా నేను తీసేయలేదు. రేపు తీస్తాను, రేపు తీస్తాను అనుకున్నాను. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. అడిగితే నా కొడుకు సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళు ఎవరినీ అడగని షాపు, ఇప్పుడు నన్నెవరో అడుగుతారేమోనని భయం! పన్నెండు రోజులు ఆ డబ్బా అక్కడే ఉంది.

పదమూడో రోజు మధ్యాహ్నం, డిపోలో షిఫ్టు మారే వేళ. షాపు నిండా జనం. మావాడికి ఆ వారమంతా నరకంగా ఉంది. తొడలు ఎర్రగా ఉడికిపోయి, స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా లేచి నిలబడుతున్నాడట. నేను అలమర వైపు తిరిగి దగ్గు మందు తీస్తుంటే కోడలి గొంతు వినిపించింది. బడి నుంచి వస్తూ మాత్రల కోసం షాపుకొచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

తిరిగి చూస్తే బరువు మిషను పక్కన మావాడు. చెయ్యి డబ్బాలో ఉంది.

"ఈ ఒక్కసారికే. తట్టుకోలేకపోతున్నాను" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

కోడలు వాణ్ణి వదిలేసి నన్ను చూసింది. "ఇది ఇంకా ఇక్కడే ఉందా, అత్తయ్యా?" అంది. వెనక్కి తిరిగింది. ఎటు పోతోందో నాకు తెలుసు. పెట్టె తలుపు పక్కనే ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది, ఈసారి నా మీద నాకే. డబ్బా లాక్కుని కౌంటరు మీద దబ్బున కొట్టాను. అందరూ అదిరిపడ్డారు.

"ఆగండి అందరూ! ఇందులో ట్యూబు ఇంకెవరూ రాయొద్దు. నా కొడుక్కి తొడల్లో తామరొచ్చింది. నా డబ్బాలోంచి తీసి రాసుకుని ముదరబెట్టుకున్నాడు. నా కోడలికీ అంటించాడు. దాని ఒళ్ళంతా చారలు పడ్డాయి. నేను మహాతల్లిని, ఎవడి దగ్గర తెచ్చుకున్నావని ఆ పిల్లనే అడిగాను. తప్పు నాది. విన్నారా? తప్పు నాది!"

మావాడి ముఖం గోడలా ఉంది. ఇన్నాళ్ళకి నోరు పెగిలిందని నేను కోడలి వైపు ఆశగా చూశాను. ఆ అమ్మాయి మెట్టు మీద ఆగి ఉంది. కళ్ళల్లో నీళ్ళు. అవి నేననుకున్న నీళ్ళు కావు.

"నా ఒంటి సంగతి ఇంతమందిలో చెప్పేముందు నన్నొక్కసారి అడిగారా?" అంది నెమ్మదిగా. "మీకు అడగడం ఇప్పటికీ రాలేదు, అత్తయ్యా."

వెళ్ళిపోయింది. మావాడు ట్యూబు కింద పడేసి వెనకాలే పరుగెత్తాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నేను స్టూలు మీద కూలబడ్డాను. దాచిపెట్టీ తప్పే చేశాను, విప్పి చెప్పీ తప్పే చేశాను.

ఎంతసేపైందో. తలెత్తితే గడియారాల బాబాయ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదకి తోసుకుని, డబ్బా కేసి చూస్తున్నాడు.

"అయితే నేను కూడా ఇది ఆపాలామ్మా?"

జవాబు చెప్పబోయి ఆగాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అడిగాను. "నీకు ఎక్కడ బాబాయ్? ఎన్నాళ్ళ నుంచి?"

"ఒంటికి వెళ్ళే చోట... చివర్న. దురద కాదమ్మా, పుండు. రెండేళ్ళు దాటింది. మానదు. ఈ మధ్య రక్తం కూడా."

"రెండేళ్ళా? పుండుకి ఇది రాస్తున్నావా? ఒక్కమాట చెప్పొచ్చు కదా!"

"నెలనెలా నీ ముందే తీసుకున్నా కదా" అన్నాడు. కోపంగా కాదు. "ప్రమాదమైందైతే నువ్వే అడిగేదానివి కదా అనుకున్నా."

షట్టరు దించేశాను. డబ్బా మూత బిగించి, దాన్నీ బాబాయినీ ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ తెర వెనక్కి తీసుకెళ్ళి వచ్చి, చేతులు కడుక్కుని పెద్దాసుపత్రికి చీటీ రాసింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. బాబాయ్ ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, "మధ్యాహ్నం ఇస్తానన్న గోడ గడియారం ఒకటుందమ్మా, అది ఇచ్చేసి వెళ్తా" అన్నాడు. ఆ రిపోర్టు ఇవాళ్టికీ రాలేదు. రోజూ బాబాయిని అడుగుతున్నాను.

ఇంటికొచ్చేసరికి సందె వేళయింది. పెట్టె తలుపు పక్కన లేదు. లోపలికెళ్తే అది గదిలో మంచం మీద ఉంది, తాళం వేసి ఉంది. కోడలు పక్కన నిలబడి చెప్పుల బకిల్ పెట్టుకుంటోంది. మావాడు తలుపుకి ఆనుకుని ఏడ్చిన ముఖంతో ఉన్నాడు. "బస్సు ఏడింటికి" అన్నాడు నాతో.

వెళ్ళొద్దు అనే హక్కు నాకు లేదు. క్షమించమంటే, మధ్యాహ్నం అంత గట్టిగా అరిచి చెప్పినదానికి ఏమైందో చూశాను. ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి నిలబడి, బాబాయిని అడిగినట్టే అడిగాను.

"అమ్మాయ్, నిన్నొకటి అడగొచ్చా?"

"అడగండి."

"ఎలా ఉంది నీకు? బాగా నొప్పిగా ఉందా?"

ఆ అమ్మాయి చెయ్యి బకిల్ మీదే ఆగిపోయింది. తలెత్తలేదు. భుజాలు కదలడం కనిపించింది నాకు. "నడిస్తే ఒరుసుకుంటోంది" అంది. "నీళ్ళు పోసుకుంటే నిప్పులా మండుతోంది. పిల్లలకి పాఠం చెబుతూ నిలబడలేకపోతున్నాను. ఆర్నెల్ల నుంచి, అత్తయ్యా. ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు." అని వెక్కి వెక్కి ఏడ్చింది. మావాడు ముఖం గోడకి తిప్పుకున్నాడు.

నేను దగ్గరికెళ్ళి ముట్టుకోలేదు. వంటింట్లోకెళ్ళి ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నె నిండా నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టాను. పెరట్లో బకెట్లు రెండు కడిగాను. వెనక్కొచ్చి గుమ్మం బయటే నిలబడి అన్నాను. "నువ్వు ఎక్కడికెళ్ళినా సరే. ఆ పెట్టెలో ఉన్నవన్నీ పాత బట్టలు. వేడినీళ్ళు తగలకుండా కట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఇస్తే నేను ఉతుకుతాను. లోపలివి కూడా నేనే ఉతుకుతాను. ఇస్తావా?"

గిన్నెలో నీళ్ళు సలసల కాగే చప్పుడు వినిపించింది. తర్వాత పెట్టె తాళం తీసిన చప్పుడు. ఆ అమ్మాయి చేతుల నిండా బట్టలు తెచ్చి బకెట్లో వేసింది. ఇంకోసారి తెచ్చింది. మూడోసారి ఖాళీ పెట్టె తెచ్చి పెరటి గోడకి ఆనించి మూత తెరిచి పెట్టింది, తెల్లారితే దానికీ ఎండ తగలాలి కదా.

"ఇవన్నీ ఆరేదాకా ఉంటాను" అంది. "ఆరాక సంగతి ఆరాక."

"సరే" అన్నాను. మళ్ళీ ఆగి, "నీళ్ళు ఇంకాస్త వేడి ఉండాలా?" అని అడిగాను.

వేలితో చూసి, "ఉండాలి" అంది.